కేజీబీ పోయింది సరే, కాగితాలు ఎటు పోయాయి? బాల్టిక్ దేశాల అనుభవంపై చర్చ

పాతకాగితం

మిత్రులకు నమస్కారం. చాలాకాలంగా చదువుతున్న విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

లిథువేనియా 1990 మార్చి 11న సోవియట్ యూనియన్ నుంచి తన స్వాతంత్ర్యాన్ని తిరిగి ప్రకటించుకుంది. జెండా మారింది, పార్లమెంటు మారింది. కానీ రాజధాని విల్నియస్ నడిబొడ్డున, గెడిమినాస్ వీధిలో ఉన్న సోవియట్ రహస్య పోలీసు సంస్థ కేజీబీ కార్యాలయం ఆ తర్వాత కూడా దాదాపు ఏడాదిన్నర పాటు మాస్కో ఆదేశాల మీదే నడిచింది. 1991 జనవరి 13న టీవీ టవర్ దగ్గర నిరాయుధులైన జనం మీదకు ట్యాంకులు వచ్చి పద్నాలుగు మంది చనిపోయిన రాత్రి, ఆ దాడిలో కేజీబీకి చెందిన ఆల్ఫా దళం కూడా ఉంది. ఆగస్టులో మాస్కోలో తిరుగుబాటు విఫలమయ్యాకే ఆ భవనం కొత్త ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఈ మధ్యకాలంలో లోపలివాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇన్ఫార్మర్ల దస్త్రాలు చాలావరకు రష్యాకు తరలిపోయాయి, కొన్ని నాశనమయ్యాయి. ఎస్టోనియా, లాట్వియాల్లోనూ దాదాపు ఇదే కథ. అంటే రహస్య పోలీసు వ్యవస్థను రద్దు చేసే రోజుకు కొత్త ప్రభుత్వాలకు దక్కింది భవనం, కొందరు ఉద్యోగులు, చిరిగిపోయిన జాబితా. ఎవరు ఎవరి మీద చెప్పారో తెలిపే అసలు కాగితాలు పాత యజమాని దగ్గరే ఉండిపోయాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ మూడు దేశాలూ తర్వాత పడిన పాట్లన్నిటికీ మూలం ఇదే. మీరేమంటారు?

రీగా_వీధుల్లో

పాతకాగితం గారూ, నేను లాట్వియా రాజధాని రీగాలో చదువుకుంటున్నాను. ఇక్కడ మన తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు కానీ బ్రీవిబాస్ వీధి మలుపులోని ఆ భవనం ముందు నుంచి రోజూ నడిచివెళ్తూ కూడా అదేమిటో తెలియనివాళ్ళే ఎక్కువ. స్థానికులు దాన్ని మూల ఇల్లు అంటారు. 1912లో కట్టిన అందమైన ఆరంతస్తుల భవనం. పైన చెక్కడాలు, బాల్కనీలు చూస్తే ఎవరో ధనవంతుల అపార్టుమెంట్లు అనుకుంటారు. నిజానికి కట్టింది అందుకే.

2014 నుంచి లోపలికి ప్రజలను రానిస్తున్నారు. నేను వెళ్ళాను. తలుపు దాటగానే ముందు గదిలో గోడకు ఒక చెక్కపెట్టె కనిపిస్తుంది, ఉత్తరాల పెట్టెలాగే. పొరుగువాళ్ళ మీద, తోటి ఉద్యోగుల మీద రాసిన ఫిర్యాదులు అందులో వేసి వెళ్ళిపోయేవారట. పేరు చెప్పనక్కర్లేదు, ఎవరినీ కలవనక్కర్లేదు. కింద చెరసాల గదులున్నాయి, కాల్చిచంపిన గది ఉంది. తుపాకీ చప్పుడు వీధిలోకి వినిపించకుండా పెరట్లో లారీ ఇంజను ఆన్ చేసి ఉంచేవారని మాకు చూపించినవారు చెప్పారు. కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ చెక్కపెట్టే. చెరసాలను నడిపింది అధికారులు. ఆ పెట్టెను నింపింది మాత్రం మామూలు మనుషులు.

గోదారిగాలి

అందుకే నేను మెత్తగా మాట్లాడలేను. ఇన్ఫార్మర్ల పేర్లన్నీ మొదటిరోజే పత్రికల్లో వేయాల్సింది. వాళ్ళు చెప్పిన మాట వల్ల మనుషులు సైబీరియా వెళ్ళారు. 1949 మార్చిలో కొద్దిరోజుల్లోనే మూడు దేశాల నుంచి దాదాపు తొంభై వేలమందిని పశువుల పెట్టెల్లాంటి రైలు పెట్టెల్లో తరలించారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఆ కుటుంబాలకు తమ మీద చెప్పినవాడి పేరు తెలుసుకునే హక్కు లేదా? వెళ్ళినవాళ్ళలో బతికి తిరిగొచ్చినవాళ్ళు అదే వీధిలో అదే మనిషికి నమస్కారం పెట్టుకుంటూ బతకాలా?

పాతకాగితం

గోదారిగాలి గారూ, హక్కు ఉంది. కానీ పేరు ఎక్కడ దొరుకుతుంది?

లాట్వియా సంగతే చూడండి. మూల ఇంట్లో దొరికినవి కార్డులు. వాటిని సంచుల్లో ఉంచారు కాబట్టి జనం నోట అవి చెకా సంచులయ్యాయి (చెకా అంటే సోవియట్ రహస్య పోలీసుల తొలినాటి పేరు). ఒక్కో కార్డు మీద మనిషి పేరు, పుట్టిన తేదీ, ఇన్ఫార్మర్‌గా చేర్చుకున్న తేదీ, చేర్చుకున్న అధికారి పేరు, రహస్యనామం ఉంటాయి. అంతే. ఆ మనిషి ఏం చెప్పాడు, ఎవరి గురించి చెప్పాడు, అసలు ఏమైనా చెప్పాడా అన్నది కార్డులో లేదు. అది ఉండాల్సిన దస్త్రం మాస్కోలో ఉంది.

ఇక్కడ రెండు రకాల మనుషులు ఒకే డబ్బాలో పడ్డారు. ఏళ్ళ తరబడి స్నేహితుల మాటలు మోసినవాడి కార్డు, విదేశీ ప్రయాణానికి అనుమతి కోసం ఒకసారి సంతకం పెట్టి తర్వాత తప్పించుకు తిరిగినవాడి కార్డు ఒకేలా ఉంటాయి. నెలవారీ లెక్క పూర్తిచేయడానికి అధికారులే తమకు తెలిసినవాళ్ళ పేర్లు రాసుకున్నారని వాదించినవాళ్ళూ ఉన్నారు. ఆ వాదనలో నిజమెంతో కార్డు చూసి తేల్చలేం.

ప్రచురించాలా వద్దా అని లాట్వియా ఇరవై ఏడేళ్ళు తర్జనభర్జన పడింది. పార్లమెంటు చట్టం చేస్తే అప్పటి అధ్యక్షురాలు వైరా వికే-ఫ్రైబెర్గా వెనక్కి పంపారు. విశ్వవిద్యాలయంలో చరిత్రకారుల సంఘం కూర్చుని ఏళ్ళపాటు పరిశీలించింది. చివరకు 2018 డిసెంబరులో జాతీయ ఆర్కైవ్స్ నాలుగు వేలకు పైగా కార్డులను ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులో మాజీ ప్రధాని ఉన్నారు, న్యాయమూర్తులున్నారు, మతాధికారులున్నారు, రచయితలున్నారు. కొందరు ఖండించారు, కొందరు మౌనంగా ఉండిపోయారు. కవి యానిస్ రోక్‌పెల్నిస్ మాత్రం అంతకు ఏడాది ముందే, ఎవరూ అడగకుండానే, తాను కేజీబీకి పనిచేశానని బహిరంగంగా చెప్పేశారు.

న్యాయపీఠం

వృత్తిరీత్యా లాయర్‌ని కాబట్టి కోర్టుల వైపు నుంచి ఒక మాట.

లిథువేనియా 1999 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం చాలా కఠినమైనది. కేజీబీ మాజీ ఉద్యోగులు పదేళ్ళపాటు ప్రభుత్వ ఉద్యోగాలకే కాదు, బ్యాంకులు, సెక్యూరిటీ కంపెనీలు, సమాచార సంస్థలు, లాయర్ వృత్తి, ఇలా ప్రైవేటు రంగంలోనూ చాలా పనులకు అనర్హులు. సిదాబ్రస్, జియౌతస్ అనే ఇద్దరు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. ఒకరు పన్నుల శాఖలో, మరొకరు ప్రాసిక్యూటర్‌గా ఉండగా ఉద్యోగం పోయింది. 2004లో తీర్పు వచ్చింది. కొత్త రాజ్యం తన ఉద్యోగుల నుంచి విధేయత కోరవచ్చు, కానీ ప్రైవేటు రంగం మొత్తం తలుపులు మూసేయడం మితిమీరిన చర్య అని కోర్టు చెప్పింది. అది కూడా స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్ళ తర్వాత అలాంటి చట్టం తేవడం ఏమిటని ఆలస్యాన్నీ ఎత్తిచూపింది.

ఎస్టోనియాలో ఇంకో కేసు. కేజీబీలో డ్రైవరుగా పనిచేసిన మనిషి పేరును ప్రభుత్వ గెజిట్‌లో ప్రచురించారు. అతను బండి తోలాడు తప్ప ఎవరినీ విచారించలేదు, ఎవరి మీదా నిఘా పెట్టలేదు. అయినా ఊళ్ళో గూఢచారి అన్న పేరు పడింది, పని వదులుకోవాల్సి వచ్చింది. 2015లో కోర్టు అతని వైపే నిలిచింది. ఎవరు ఏ పని చేశారో చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టడం తప్పంది. నా మట్టుకు నాకు ఈ తీర్పు సబబుగానే అనిపిస్తుంది.

గోదారిగాలి

డ్రైవరు సంగతి ఒప్పుకుంటాను. కానీ న్యాయపీఠం గారూ, కోర్టులు ఎప్పుడూ ఉద్యోగం పోయినవాడి బాధే వింటున్నాయి. విల్నియస్ భవనం కింద ఉన్న గదుల్లో ఒకటుంది. నేల మీద చల్లటి నీళ్ళు నింపి, మధ్యలో కాలు పెట్టేంత చిన్న గుండ్రటి దిమ్మె ఒకటి ఉంచేవారు. ఖైదీ దాని మీద నిలబడాలి. నిద్ర తూగితే నీళ్ళలో పడతాడు. ఆ గదిలో నిలబడ్డవాళ్ళు ఏ కోర్టుకు వెళ్ళాలి?

న్యాయపీఠం

వాళ్ళ పక్షాన కూడా తీర్పులు వచ్చాయి. అది చెప్పకుండా ఆగడం నాదే తొందరపాటు అనుకోకండి, ఆ మాటకే వస్తున్నాను.

లాట్వియాలో స్టాలిన్ కాలపు భద్రతా విభాగం అధిపతి ఆల్ఫాన్స్ నోవిక్స్‌ను పట్టుకుని విచారించి 1995లో యావజ్జీవ శిక్ష వేశారు. మరుసటి ఏడాది జైల్లోనే చనిపోయాడు. ఎస్టోనియాలో 1949 తరలింపులో పాల్గొన్నవాళ్ళకు పడిన శిక్షలను వాళ్ళు ఐరోపా కోర్టులో సవాలు చేశారు. అప్పట్లో సోవియట్ చట్టం ప్రకారం అది నేరం కాదన్నారు. కోర్టు 2006లో ఆ వాదనను విననే లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది లిథువేనియాది. అడోల్ఫస్ రమనౌస్కస్ అడవుల్లో సోవియట్ సైన్యంతో పోరాడిన గెరిల్లాల నాయకుడు, వృత్తిరీత్యా టీచరు. 1956లో పట్టుకున్నారు, ఘోరంగా హింసించారు, 1957 నవంబరులో చంపేశారు. శవం ఎక్కడ పెట్టారో ఎవరికీ చెప్పలేదు. ఆయనను పట్టుకునే పనిలో పాల్గొన్న ఒక కేజీబీ అధికారికి లిథువేనియా కోర్టులు శిక్ష వేశాయి. నేను కిందిస్థాయి వాడిని, ఆదేశం పాటించాను అని అతను ఐరోపా కోర్టుకు వెళ్ళాడు. 2019 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల్లో మెజారిటీ లిథువేనియాదే న్యాయమంది. అంతకు ముందు సంవత్సరమే విల్నియస్‌లోని ఒక శ్మశానంలో రమనౌస్కస్ అవశేషాలు దొరికాయి, ప్రభుత్వ లాంఛనాలతో మళ్ళీ ఖననం చేశారు.

చూడండి, చేసిన పని రుజువైన చోట అరవై ఏళ్ళ తర్వాత కూడా శిక్ష నిలబడింది. కార్డు మీద పేరు తప్ప ఏమీ లేని చోట నిలబడలేదు. లాట్వియా కోర్టుల్లోనూ ఇన్ఫార్మర్ కేసులు చాలావరకు సహకారం రుజువు కాలేదనే ముగిశాయి.

తాలిన్_తెలుగు

ఎస్టోనియాలో కొన్నేళ్ళుగా కంప్యూటర్ ఉద్యోగంలో ఉన్నాను. ఇక్కడివాళ్ళు ఎంచుకున్న దారి కాస్త వేరు, అది నాకు తెలివైనదిగా అనిపిస్తుంది.

1991 సెప్టెంబరు మొదటివారంలోనే ఇక్కడి ప్రధాని సావిసార్, మాస్కోలో కేజీబీ పగ్గాలు కొత్తగా చేపట్టిన బకాతిన్‌తో ఒప్పందం కుదుర్చుకుని స్థానిక కేజీబీని మూయించారు. 1995లో చట్టం వచ్చింది. సోవియట్, జర్మన్ రహస్య పోలీసులకు పనిచేసినవాళ్ళు ఏడాది గడువులోగా రక్షణ పోలీసు శాఖకు వెళ్ళి తమంతట తాము చెప్పుకోవాలి. చెప్పుకుంటే ఆ వివరాలు రహస్యంగానే ఉంటాయి. చెప్పకుండా దాచి, తర్వాత దొరికితే పేరు గెజిట్‌కి ఎక్కుతుంది. న్యాయపీఠం గారు చెప్పిన డ్రైవరు కేసు ఈ చట్టం కిందిదే. వెయ్యిమందికి పైగా వచ్చి చెప్పుకున్నారు. లిథువేనియా కూడా కొంత ఆలస్యంగా ఇలాంటి పద్ధతే తెచ్చింది. అక్కడ పదిహేను వందలకు పైగా ఒప్పుకున్నారు, వాళ్ళ పేర్లు 75 ఏళ్ళు మూసి ఉంచుతామన్నారు.

గోదారిగాలి గారికి ఇది లాలింపుగా కనిపించవచ్చు. కానీ అసలు ప్రమాదం ఆలోచించండి. దస్త్రం మాస్కోలో ఉన్నంతకాలం ఆ మనిషి గొంతు మాస్కో గుప్పిట్లో ఉన్నట్టే. రేపు అతను మంత్రిత్వ శాఖలో అధికారి అవుతాడు. ఒకరోజు పాత పరిచయస్తుడు వచ్చి, మా పని చేసిపెట్టు, లేకపోతే నీ గతం బయటపెడతాం అంటాడు. తన ప్రభుత్వానికి ముందే చెప్పుకున్నవాడిని అలా బెదిరించలేరు. ఆ చట్టం శిక్ష కోసం చేసింది కాదు, ఆ గాలాన్ని తెంపడానికి చేసింది.

కొత్తసభ్యుడు_అనంత

ఒక సందేహం అండీ. పాత కేజీబీ వాళ్ళలో పనితనం ఉన్నవాళ్ళు ఉంటారు కదా. కొత్త దేశానికి నిఘా వ్యవస్థ కావాలి, అనుభవజ్ఞులు లేరు. కొందరిని ఉంచుకుంటే తప్పేమిటి?

తాలిన్_తెలుగు

అనంత గారూ, ఉంచుకున్నారు. ఏమైందో చెబుతాను.

వ్లదిమిర్ వైట్‌మన్ అనే సాంకేతిక నిపుణుడు 1980లలో ఇక్కడి రాజధాని తాలిన్ కేజీబీలో పనిచేశాడు. స్వాతంత్ర్యం తర్వాత ఎస్టోనియా రక్షణ పోలీసు శాఖ అతన్ని పనిలోకి తీసుకుంది, ఎందుకంటే అతనికి తెలిసిన పని తెలిసినవాళ్ళు దొరకలేదు. 2013లో రష్యా కోసం గూఢచర్యం చేశాడని అరెస్టు చేశారు, 15 ఏళ్ళ శిక్ష పడింది. అంతకు ముందే హెర్మన్ సిమ్ వ్యవహారం. సోవియట్ పోలీసులో పైకొచ్చిన మనిషి, స్వతంత్ర ఎస్టోనియాలో పోలీసు అధిపతి అయ్యాడు, తర్వాత రక్షణ శాఖలో నాటో రహస్య పత్రాల భద్రత చూసే కుర్చీలో కూర్చున్నాడు. ఆ పత్రాలనే రష్యాకు చేరవేశాడు. 2008లో దొరికాడు, పన్నెండున్నరేళ్ళ శిక్ష. అంత జాగ్రత్తపడ్డ దేశంలోనే ఇలా జరిగింది.

మరో సంగతి. ఇక్కడ వీరు హోటల్ ఉంది, 1972లో విదేశీయుల కోసం కట్టింది. లిఫ్టులో 22 అంతస్తులే కనిపిస్తాయి. 23వ అంతస్తులో కేజీబీ వాళ్ళు గదుల్లోని మాటలు వినేవారు. తలుపు మీద రష్యన్‌లో ఇక్కడ ఏమీ లేదు అని రాసి ఉంటుంది. వెళ్ళిపోయేటప్పుడు ఎంత హడావుడిగా వెళ్ళారంటే యంత్రాలు పగలగొట్టి, వైర్లు తెంపి, యాష్‌ట్రేలో సిగరెట్ పీకలు అలాగే వదిలేశారు. ఇప్పుడు టికెట్ కొనుక్కుని చూడవచ్చు.

ఏలూరు_కాలువ

ఇది చదువుతుంటే మన సంగతి గుర్తొచ్చింది. 1947లో మనం ఈ పని చేయనే లేదు. 1887లో బ్రిటిష్‌వాళ్ళు పెట్టిన ఇంటెలిజెన్స్ విభాగమే ఇప్పటికీ ఉంది, 1861 పోలీసు చట్టం కూడా దశాబ్దాలపాటు అలాగే నడిచింది. తెల్లవాళ్ళు వెళ్ళేముందు ఢిల్లీలో రహస్య కాగితాలు తగలబెట్టారు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెనక తిరిగిన పోలీసులకు కబుర్లు మోసినవాళ్ళ జాబితా అడిగినవాళ్ళు లేరు, తేల్చినవాళ్ళు లేరు. అది మంచికో చెడుకో నాకు తెలియదు. కానీ మన నిఘా విభాగాలకు జవాబుదారీతనం నేర్పే అవకాశం ఆనాడే ఒకటి చేజారిందని మాత్రం గట్టిగా అనుకుంటాను.

పాతకాగితం

ఏలూరు_కాలువ గారూ, పోలిక కొంతవరకే. అక్కడ పాత యజమాని సరిహద్దు అవతలే ఉన్నాడు, ఆశ వదులుకోలేదు. లండన్ మనల్ని తిరిగి పట్టుకోవాలని చూడలేదు. బాల్టిక్ దేశాలకు తొందర ఎక్కువ ఎందుకుందో ఇందులోనే ఉంది.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. బాలిస్ గయౌస్కస్. ముప్పై అయిదేళ్ళకు పైగా సోవియట్ శిబిరాల్లో, ప్రవాసంలో గడిపిన లిథువేనియా రాజకీయ ఖైదీ. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ప్రతినిధుల్లో ఒకరు. కేజీబీ కార్యకలాపాలను విచారించిన పార్లమెంటు సంఘానికి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు, కొద్దికాలం కొత్త భద్రతా శాఖకు కూడా ఆయనే అధిపతి. తనను ఏళ్ళ తరబడి వేటాడిన సంస్థ దస్త్రాలు ఆయన ముందు పరిచారు. పగతో తీర్పులు చెబుతారని భయపడ్డవాళ్ళు ఉన్నారు. నాకైతే ఆ ఎంపిక చాలా సరైనదనిపిస్తుంది. ఆ కాగితాల భాష, అందులో దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు అన్నది విచారణ గదిలో కూర్చున్న మనిషికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నిర్వాహకుడు

సభ్యులకు మనవి. బతికున్న వ్యక్తులను కార్డు ఆధారంగా ఇన్ఫార్మర్ అని పేరు పెట్టి రాసిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. కోర్టు తేల్చినవి, వాళ్ళే ఒప్పుకున్నవి రాయండి.

వనజ_కె

నిర్వాహకుడి గారి నిర్ణయం సరైనది. గోదారిగాలి గారికి నాదొక మాట. ఇన్ఫార్మర్లందరూ ఆ చెక్కపెట్టెలో ఉత్తరం వేసినవాళ్ళ లాంటివాళ్ళు కారు. కొందరిని పిల్లవాడికి కాలేజీ సీటు రాకుండా చేస్తామని బెదిరించి లొంగదీసుకున్నారు. కొందరి సొంత తప్పులు పట్టుకుని సంతకం పెట్టించుకున్నారు. అలాంటి మనిషిని, చేర్చుకున్న అధికారిని ఒకే వరసలో నిలబెట్టకూడదు. నా దృష్టిలో కార్డు మీద ముందు చదవాల్సింది ఇన్ఫార్మర్ పేరు కాదు, పక్కన ఉన్న అధికారి పేరు. ఆ అధికారులు చాలామంది పెన్షన్లు తీసుకుంటూ హాయిగా బతికారు. కింద ఉన్నవాడి పేరు మాత్రం ఊరంతా తెలిసింది.

గోదారిగాలి

వనజ గారూ, మీ మాట కాదనలేను. అధికారి పేరు ముందు రావాలి, సరే. ఇన్ఫార్మర్ పేరు కూడా రావాలి అన్న నా పట్టు నాది. బెదిరింపుకు లొంగని మనుషులు కూడా అదే వీధిలో ఉన్నారు. పిల్లల సీట్లు పోగొట్టుకుని కూడా సంతకం పెట్టనివాళ్ళు. వాళ్ళ తరఫున ఎవరూ మాట్లాడటం లేదు.

కొత్తసభ్యుడు_అనంత

చివరిగా ఒకటి అడుగుతాను. మామూలు మనిషి తన మీద ఉన్న దస్త్రం ఇప్పుడు చూడగలడా?

పాతకాగితం

లిథువేనియాలో చూడగలడు, మిగిలినంత మేరకు. ఇన్ఫార్మర్ల దస్త్రాలు చాలావరకు పోయినా, అక్కడి మిగతా కేజీబీ కాగితాలు చాలానే దక్కాయి. వాటిని ప్రత్యేక ఆర్కైవ్స్‌లో ఉంచారు. అది ఆ పాత కేజీబీ భవనంలోనే ఉంది, కింద చెరసాల మ్యూజియం. బాధితులు కోరితే తమ వివరాలు ఇతరులకు కనిపించకుండా ఆపుకోవచ్చు. కొన్ని పత్రాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లోనూ పెట్టారు, చాలావరకు రష్యన్‌లో ఉంటాయి. మన సభ్యుల్లో రష్యన్ చదవగలవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. 1949 తరలింపు ఆదేశాలు రెండు మూడు కలిసి తెలుగులోకి తెద్దాం. విడిగా కొత్త చర్చ మొదలుపెడతాను.